మా ఇంటి వసారాలో ఇంజనీరింగు కాలేజీ



2020 మార్చి మూడవ వారములో మా పెద్దమ్మాయి హాస్టలు నుండి రెండు సంచులతో ఇంటికి వచ్చింది. అప్పుడు ఆమె సివిల్ ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచున్నది. "కొన్నాళ్లే నాన్నా, మళ్లీ పిలుస్తారంట" అన్నది. డ్రాయింగు బోర్డు, మినీ డ్రాఫ్టరు, ల్యాబు రికార్డులు అన్నీ హాస్టలు గదిలోనే వదిలి వచ్చింది. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని ప్రపంచమంతటా వ్యాపించిన మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 24 రాత్రి మన ప్రధానమంత్రి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. ఇరవై ఒక్క రోజులేగదా అని మేము కూడా అనుకున్నాము. ఆ అమ్మాయి మళ్లీ కాలేజీ గడప సరిగా తొక్కేసరికి సంవత్సరము దాటిపోయింది.

మేమిద్దరము పల్లెటూరిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవాళ్లము. బడి మూతపడగానే జీతాలు ఆగిపోయాయి. అట్టి సమయములో "ఇకమీదట క్లాసులన్నీ ఫోనులోనే" అని కాలేజీనుండి కబురు వచ్చింది. ఆ నెల చీటీ పాడి ఒక ఫోను కొన్నాము. లెక్కలు, బొమ్మలు ఫోనులో చెప్పవచ్చును. సిమెంటును, ఇనుమును, యంత్రాలను చేతితో ముట్టి నేర్వవలసిన చదువును ఫోనులో ఎలా చెప్తారు? ఈ ప్రశ్న మమ్మును చాలాకాలము వేధించింది. దానికి అధ్యాపకులు వెదకిన జవాబులను, వాటిలో కుదిరినవాటిని, కుదరనివాటిని ఈ వ్యాసములో మీతో పంచుకోవాలని ఆశపడుచున్నాము.

కరస్పాండెన్సులో కుదరదన్న చదువు

బి.ఏ., బి.కాం. వంటి చదువులు ఇంటివద్ద ఉండి ప్రైవేటుగా చదివినవారు మన సంఘాలలో అనేకమంది ఉన్నారు. ఇంజనీరింగు మాత్రము అట్టిది కాదని పెద్దలు ఎప్పటినుండో చెప్పుచున్నారు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు సరియైన అనుమతి లేకుండా కరస్పాండెన్సు ద్వారా ఇంజనీరింగు పట్టాలు ఇవ్వగా, 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు దానిని గట్టిగా తప్పుపట్టింది. ప్రయోగాలు, వర్కుషాపు లేని సాంకేతిక విద్య సాంకేతిక విద్య కాదన్నదే ఆ తీర్పు వెనుకనున్న ఆలోచన. 2020 సెప్టెంబరులో వెలువడిన యు.జి.సి. నిబంధనలు కూడా దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతులలో ఇంజనీరింగు పట్టా కోర్సులకు చోటు ఇవ్వలేదు.

అదే 2020లో దేశములోని ఇంజనీరింగు కాలేజీలన్నీ దూరమునుండే పాఠము చెప్పవలసి వచ్చింది. కుదరదని కోర్టు చెప్పినదానిని వ్యాధి బలవంతముగా చేయించింది. అధ్యాపకులకు ముందుగా శిక్షణ లేదు, పిల్లలకు ముందుగా సామాను లేదు. నెలలు పట్టే ఏర్పాటు వారాలలో చేయవలసి వచ్చింది.

మందిరము డాబా మీద తరగతి

మా ఊరిలో సిగ్నలు బాగా వచ్చే చోటు మందిరము డాబా ఒక్కటే. పాస్టరుగారు తాళపుచెవి మా అమ్మాయి చేతికిచ్చి, "ఎండ ఎక్కకముందే చదువుకో తల్లీ" అన్నారు. ఉదయము తొమ్మిదికి పాఠము మొదలైతే పదిన్నరకు డాబా కాలిపోయేది. గొడుగు వేసుకొని కూర్చుండేది. మబ్బు పడితే సిగ్నలు పోయేది, మేస్టారి బొమ్మ నోరు తెరిచినట్లే ఆగిపోయేది.

మొదటి నెలలో కాలేజీవారు టైంటేబులును ఉన్నదున్నట్లుగా ఫోనులోనికి దించారు. రోజుకు ఐదారు గంటల వీడియో పాఠాలు. మా అమ్మాయి వేయించుకున్న ప్యాకేజీలో రోజుకు 1.5 జీబీ డేటా మాత్రమే. రెండు మూడు గంటల వీడియోకే అది అయిపోయేది. మధ్యాహ్నము పాఠాలకు పట్నములో ఉన్న పిల్లలు మాత్రమే మిగిలేవారు. కళ్లు మంటలని, తలనొప్పి అని అమ్మాయి సాయంత్రము వచ్చి పడుకునేది.

ఈ సంగతిని మొదట గ్రహించినది స్ట్రక్చర్స్ చెప్పే మేస్టారు. ఆయన ప్రతి విద్యార్థికి ఫోను చేసి, "నీకు వీడియో అందుతున్నదా, మాట మాత్రమే అందుతున్నదా, ఏదీ అందడము లేదా?" అని అడిగారు. జవాబులను బట్టి తన పాఠమునే మార్చుకొన్నారు. గంట పాఠమును పదేసి నిమిషాల ముక్కలుగా చేశారు. స్టూలుమీద స్టీలు డబ్బా, డబ్బా అంచున ఫోను బోర్లించి, క్రింద తెల్లకాగితముమీద చేతితో లెక్క చేయుచు రికార్డు చేసేవారు. అందనివారికి అదే పాఠమును మాట మాత్రము రికార్డు చేసి, చేతివ్రాత కాగితాల ఫోటోలతో కలిపి పంపేవారు. తక్కువ పరిమాణములో రికార్డు చేసిన మాట ఒక గంటకు 15 మెగాబైట్లలోపే సరిపోతుంది. తెల్లవారుజామున సిగ్నలు బాగున్నప్పుడు దించుకొని, పగలు చింతచెట్టు నీడన కూర్చుండి వినవచ్చును. అందరూ ఒక్కసారి కలిసే గంట వారానికి రెండు మాత్రమే ఉంచి, దానిని సందేహాలకే కేటాయించారు.

పాఠము విషయములో మన దేశానికి అప్పటికే కొంత ఆధారమున్నది. ఐ.ఐ.టి.లు, బెంగుళూరు ఐ.ఐ.యస్సి. కలిసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. అనే కార్యక్రమము మొదలుపెట్టి, ఇంజనీరింగు పాఠాలను వీడియోలుగా ఉచితముగా అందించుచున్నాయి. 2017నుండి స్వయం అనే ప్రభుత్వ వేదిక కూడా ఉన్నది. అందుచేత పాఠము దారి ఏదో విధముగా దొరికింది. అసలు చిక్కు ల్యాబు దగ్గరే వచ్చింది.

ల్యాబు ఎందుకు?

రెండవ సంవత్సరములో మా అమ్మాయికి సర్వే, పదార్థాల బలము పరీక్షించే ల్యాబు ఉన్నాయి. మూడవ సంవత్సరములో కాంక్రీటు ల్యాబు. ఆ యంత్రాలేవీ ఇంటికి రావు. కొన్నిచోట్ల పాత రికార్డులు ఫోటోలు తీసి పంపి, "దీనిని చూచి వ్రాయండి" అన్నారని విన్నాము. పిల్లలు వ్రాశారు, మార్కులు వేశారు. చేయని ప్రయోగానికి రికార్డు నిండింది.

మా అమ్మాయి మేస్టారు ఆ పని చేయలేదు. "ల్యాబు ఎందుకున్నదో ముందు తేల్చుకొంటే, ఏది పంపగలమో తెలుస్తుంది" అన్నారట. ఆయన చెప్పినట్లు ల్యాబులో నేర్చుకొనేవి నాలుగు. పుస్తకములో చదివిన సూత్రము నిజముగా జరుగుట కళ్లతో చూచుట ఒకటి. పనిముట్టును చేతితో పట్టి వాడుట రెండవది. కొలిచి, వ్రాసి, ఆ కొలతలో తప్పు ఎంతవరకు ఉండవచ్చునో చెప్పుట మూడవది. నలుగురితో కలిసి పనిచేసి, చేసినది ఇతరులకు అర్థమగునట్లు వ్రాయుట నాల్గవది. వీటిలో రెండవది ఇంటికి రాదు. మిగిలిన మూడింటికి ఏదో ఒక దారి ఉండవచ్చును.

ఇతరులు తొక్కిన మూడు దారులు

ఇట్టి దారులు కొన్ని మహమ్మారికి ముందే ఉన్నాయని మేము తరువాత తెలిసికొన్నాము.

మొదటిది కంప్యూటరులో కల్పించిన ప్రయోగము. 2009లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జాతీయ పథకము క్రింద వర్చువల్ ల్యాబ్స్ అనే ఏర్పాటు జరిగింది. ఢిల్లీ ఐ.ఐ.టి. పెద్దరికము వహించగా మన హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి., మరికొన్ని ఐ.ఐ.టి.లు, అమృత విశ్వవిద్యాపీఠము మొదలైన సంస్థలు ప్రయోగాలు తయారుచేశాయి. ఒక్కొక్క ప్రయోగానికి ఉద్దేశము, సిద్ధాంతము, ముందుగా చిన్న పరీక్ష, చేసే విధానము, ఆ తరువాత తెరమీద ప్రయోగము, చివర మరొక పరీక్ష ఉంటాయి. బరువు పెంచితే తెరమీద దూలము వంగుతుంది, సంఖ్య మారుతుంది. ఎన్నిసార్లు చేసినా ఖర్చు లేదు, ఏదీ విరగదు. అయితే ఆ సంఖ్యను ఇచ్చేది సూత్రమే. సూత్రమును నిజమా అని పరీక్షించవలసిన చోట సూత్రమే జవాబు చెప్పుచున్నది. ఇది దాని బలహీనత.

రెండవది దూరమునుండి నడిపే నిజమైన యంత్రము. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1998లో ఒక ఆచార్యుడు, ట్రాన్సిస్టర్లను కొలిచే ఖరీదైన పరికరమును ఇంటర్‌నెట్‌కు కలిపి, విద్యార్థులు తమ గదులనుండే వాడేటట్లు చేశారు. మరుసటి సంవత్సరము, అనగా 1999లో, స్వీడన్‌లోని బ్లెకింగే సాంకేతిక విద్యాసంస్థలో విద్యుత్తు ల్యాబును ఇట్లే మొదలుపెట్టారు. విద్యార్థి తెరమీద తీగలను కలిపితే, అక్కడి గదిలో చిన్న స్విచ్చులు కదిలి నిజమైన సర్క్యూటు తయారవుతుంది, నిజమైన మీటరు కొలిచిన సంఖ్య తెరమీదికి వస్తుంది. ఒకే పరికరము రాత్రింబగళ్లు ఎందరికో పనిచేస్తుంది. అయితే దీనిని ముందుగా కట్టి ఉంచాలి. వ్యాధి వచ్చిన తరువాత వారములో కట్టగలిగినది కాదు.

మూడవది సామానునే ఇంటికి పంపుట. ఇంగ్లాండులో 1969లో స్థాపించబడిన ఓపెన్ యూనివర్సిటీ, 1971లో మొదటి విద్యార్థులను చేర్చుకొన్ననాటినుండి విజ్ఞానశాస్త్రము చదివేవారికి ప్రయోగ సామాగ్రి పెట్టెలను ఇంటికి పంపేది. అందులో చేతిలో ఇమిడే చిన్న సూక్ష్మదర్శిని కూడా ఉండేది. 2020లో అనేక విదేశీ విశ్వవిద్యాలయాలు ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఇదే విధముగా బ్రెడ్‌బోర్డు, రెసిస్టర్లు, కంప్యూటరుకు తగిలించుకొనే చిన్న కొలత పరికరము పెట్టెలో పెట్టి పంపాయి. మన పల్లెటూరి విద్యార్థికి అంత ఖరీదైన పెట్టె ఎవరు పంపగలరు?

అందుకని మేస్టారు నాల్గవ దారి తీశారు. "మీ ఇంట్లో ఉన్నదానితో చేద్దాము" అన్నారు.

స్కేలు, తూకపురాయి

మొదటి ప్రయోగానికి కావలసినవి ఒక స్టీలు స్కేలు, ప్రక్కింటి కిరాణాకొట్టు నుండి తెచ్చిన 100 గ్రాముల తూకపురాళ్లు రెండు, కొంచెము దారము. స్కేలు ఒక కొనను బల్ల అంచున ఇటుక పెట్టి గట్టిగా నొక్కి, రెండవ కొన 12 సెంటీమీటర్లు బయటకు ఉండేటట్లు చేయాలి. కొనకు రాయి కట్టి, ఎంత క్రిందికి వంగినదో మరొక స్కేలుతో కొలవాలి. తరువాత 24 సెంటీమీటర్లు బయటకు తీసి మళ్లీ కొలవాలి. పొడవు రెండింతలైతే వంగుట ఎనిమిదింతలు కావాలని పుస్తకము చెప్పుచున్నది. ఒక వైపు మాత్రమే ఆధారముండి మిగిలినది గాలిలో ఉండే దూలము లక్షణము ఇది. మన ఇళ్ల బాల్కనీ, సన్‌షేడు ఇట్టివే.

మా అమ్మాయి వసారాలో పీట వేసుకొని కూర్చుండి 24 సెంటీమీటర్ల వద్ద 15 మిల్లీమీటర్లు కొలిచింది. 12 సెంటీమీటర్ల వద్ద కొలత సరిగా అందలేదు. సిగ్నలు పోయే వేళ అయింది. పదిహేనును ఎనిమిదితో భాగించి 1.88 అని వ్రాసి పంపివేసింది. మాకు చూపింది కూడా. లెక్క సరిగా వచ్చిందని మేమిద్దరమూ సంతోషించాము.

ఆ సాయంత్రము మేస్టారు ఫోను చేశారు.

"అమ్మా, నీ స్కేలులో మిల్లీమీటరు గీతలే గదా ఉన్నవి?"

"అవును సర్."

"మరి 1.88 నీకు ఎక్కడ కనబడిందమ్మా?"

అమ్మాయి మాట్లాడలేదు. మేము ప్రక్కనే ఉన్నాము. మాకు సిగ్గనిపించింది. పాఠాలు చెప్పేవాళ్లమై యుండి, జవాబు సరిపోయిందా అని చూచామేగాని, కొలిచిందా అని చూడలేదు. ఆయన కోపపడలేదు. "రేపు మళ్లీ కొలువు. వచ్చిందే వ్రాయి. తప్పు వస్తే తప్పే వ్రాయి. తప్పు ఎందుకు వచ్చిందో నాలుగు మాటలు వ్రాస్తే దానికే మార్కులు" అన్నారు.

మరునాడు కొలిస్తే 2 మిల్లీమీటర్లు వచ్చింది. పదిహేనును రెండుతో భాగిస్తే ఏడున్నర. ఎనిమిది రాలేదని అమ్మాయి దిగులుపడితే మేస్టారు ఇట్లు వివరించారు. కంటితో చూచిన 2 మిల్లీమీటర్లు నిజానికి 1.5 నుండి 2.5 వరకు ఏదైనా కావచ్చును. ఆ లెక్కన జవాబు 6 నుండి 10 మధ్య ఎక్కడైనా ఉండవచ్చును. ఎనిమిది ఆ మధ్యనే ఉన్నది గనుక సూత్రము తప్పలేదు. ఇంకా గట్టిగా చెప్పాలంటే రెండు రాళ్లు కట్టి చూడమన్నారు. అప్పుడు 4, 30 మిల్లీమీటర్లు వచ్చాయి. మళ్లీ ఏడున్నరే. కాని ఈసారి అనుమానము సుమారు 6.7 నుండి 8.6 వరకే. బరువు పెంచితే అనుమానము తగ్గినది. తెరమీది ప్రయోగము ఈ సంగతిని మా అమ్మాయికి ఎన్నటికీ నేర్పియుండేది కాదు.

ఈ విధముగానే సర్వే పాఠము కూడా పెరటిలోనికి వచ్చింది. టేపుతో 3, 4, 5 అడుగుల కొలతలు పట్టి లంబకోణము తీయమన్నారు. పారదర్శకమైన ట్యూబులో నీళ్లు నింపి, రెండు కొనలలో నీరు ఒకే మట్టములో నిలుచుననే సంగతి ఆధారముగా పెరటి వాలు ఎంతో కొలవమన్నారు. తాపీ పనివారు తరతరాలుగా చేయుచున్న పని ఇదే. మా అమ్మాయి కొలిచి, మా ఇంటి వాడుకనీరు కాలువవైపు పోక గోడవైపు ఎందుకు నిలుచుచున్నదో తేల్చింది. మూడు రోజులు మట్టి మోసి ఆ వాలును సరిచేశాము.

బాబాయి వేసిన సన్‌షేడు

మా తమ్ముడు తాపీమేస్త్రి. లాక్‌డౌన్ సడలించిన తరువాత ఊరిలో ఒక ఇంటికి స్లాబు పని ఒప్పుకొన్నాడు. మేస్టారు ఇచ్చిన మరొక పనిలో, ఒక మందపాటి ఫోము ముక్క ప్రక్కన నిలువుగీతలు గీసి, సగము బల్ల బయటకు తీసి కొనను నొక్కి, గీతలు ఎక్కడ విడిపోతున్నవో ఎక్కడ దగ్గరపడుచున్నవో వ్రాయమన్నారు. పైన విడిపోయాయి, క్రింద దగ్గరపడ్డాయి. అనగా పైభాగము సాగుచున్నది. కాంక్రీటు నొక్కుడును ఓర్చుకొంటుందిగాని సాగుటను ఓర్చుకొనలేదు. ఇనుము ఓర్చుకొంటుంది. అందుచేత సన్‌షేడులో ఇనుప చువ్వలు పైవైపునే ఉండాలి.

ఫోము ముక్క పట్టుకొని మా అమ్మాయి బాబాయి పనిచేసే చోటికి పోయింది. "బాబాయ్, మీ చువ్వలు పైన ఉన్నాయా, క్రింద ఉన్నాయా?" అని అడిగింది.

"పైనే కట్టామమ్మా. ఆ మాత్రము తెలియదా మాకు?" అన్నాడు.

"కాంక్రీటు పోసేటప్పుడు వాటిమీద నిలబడతారుగదా, అప్పుడు?"

తమ్ముడు కొంచెముసేపు ఆలోచించాడు. కాంక్రీటు మోసే మనుషులు తొక్కితే పైన కట్టిన చువ్వ అడుగుకు దిగిపోతుంది. దిగిన తరువాత పైనుండి ఎవరికీ కనబడదు. సెంట్రింగు విప్పిన తరువాతో, నాలుగు వానలు పడిన తరువాతో, సన్‌షేడు గోడ మొదట పగులుతుంది. అట్లు కూలినవాటిని తమ్ముడు చూచియున్నాడు. మరునాడు చువ్వల క్రింద వంచిన ఇనుప ముక్కలతో ఛైర్లు పెట్టించాడు, తొక్కకుండా పైన పలకలు వేయించాడు. "ఇన్నాళ్లూ పెద్దలు చెప్పారని పైన కట్టాము. ఎందుకో ఈ ఫోము ముక్క చెప్పింది" అన్నాడు. ఆ వారములో మా అమ్మాయి ఇనుము కట్టే కొక్కెము చేతపట్టి చువ్వలు కట్టుట నేర్చుకొన్నది. కాలేజీ పంపలేని రెండవ సంగతి, అనగా చేతిపని, బాబాయి దగ్గర కొంతవరకు దొరికింది.

పరీక్షలు

పాఠాలకంటె పరీక్షలు ఎక్కువ కలవరము తెచ్చాయి. 2020 జూలై 6న యు.జి.సి. సవరించిన సూచనలు ఇచ్చి, చివరి సంవత్సరపు పరీక్షలను సెప్టెంబరు ఆఖరులోగా నేరుగాగాని ఆన్‌లైనులోగాని, రెండు పద్ధతులు కలిపిగాని జరుపమన్నది. దీనిమీద వివాదము సుప్రీంకోర్టుకు పోయి, ఆగస్టు 28న కోర్టు ఆ సూచనలను సమర్థించింది.

ఇంటివద్ద పరీక్ష అంటే చూచి వ్రాయరా అని అందరూ అడిగారు. చూచి వ్రాసినవారు ఉన్నారు, దాచవలసిన పనిలేదు. మంచి అధ్యాపకులు ప్రశ్నలనే మార్చారు. ఒక్కొక్కరి హాల్‌టికెట్టు చివరి అంకెలే ఆ విద్యార్థి దూలము పొడవు, బరువు అయ్యేటట్లు లెక్క ఇచ్చారు. పుస్తకము చూచుకోవచ్చు, కాని ప్రక్కవాని జవాబు పనికిరాదు.

కాంక్రీటు ల్యాబుకు మేడమ్‌గారు ఒంటరిగా ల్యాబుకు పోయి, తన ఫోనులోనే యంత్రమును చిత్రించి పంపారు. 150 మిల్లీమీటర్ల ఘనపు దిమ్మను 28 రోజులు నీటిలో ఉంచి తీసి, యంత్రములో పెట్టి నొక్కుతారు. ఒక దిమ్మ 495 కిలోన్యూటన్ల వద్ద పగిలింది. దాని వైశాల్యము 22,500 చదరపు మిల్లీమీటర్లు గనుక, బలము చదరపు మిల్లీమీటరుకు 22 న్యూటన్లు. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క దిమ్మ కొలత ఇచ్చి, "ఈ కాంక్రీటును మీ ఇంటి స్లాబుకు ఒప్పుకొంటారా? ఎందుకు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు చూచి వ్రాసే జవాబు లేదు.

తిరిగి వెళ్లిన తరువాత

2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ ఉధృతి ఎందరి ఇళ్లలోనో దుఃఖము నింపిపోయింది. మా ఊరివారు కూడా కొందరిని పోగొట్టుకొన్నాము. ఆ తరువాత కాలేజీలు మెల్లగా తెరుచుకొన్నాయి. మిగిలిపోయిన ల్యాబులను చిన్న చిన్న గుంపులుగా, ఉదయమునుండి సాయంత్రము వరకు వరుసగా చేయించారు. రెండు సంవత్సరాలలో నెమ్మదిగా చేతికి అలవాటు కావలసిన పని కొన్ని రోజులలో ముగిసింది. చేశామన్న తృప్తి కలిగిందిగాని, అలవాటు కాలేదు.

ఆ లోటు ఎంతటిదో 2022లో పట్టా పుచ్చుకొని ఒక కాంట్రాక్టరు దగ్గర చేరినప్పుడు తెలిసింది. మొదటి వారములో సర్వే పరికరమును స్టాండుమీద పెట్టి, మట్టము చూపే బుడగను మధ్యకు తెచ్చుటకు మా అమ్మాయికి అరగంట పట్టింది. డిప్లొమా చదివిన కుర్రవాడు రెండు నిమిషాలలో తెచ్చాడు. ఇంటికి ఫోను చేసి ఏడ్చింది. "నాకు రాదని చెప్పి నేర్చుకోమ్మా, వచ్చునని చెప్పి కూర్చోకు" అన్నాము. అట్లే చేసింది. సాయంత్రాలు పని ముగిసిన తరువాత ఆ కుర్రవాడే నేర్పాడు. ఇట్లు అడిగి నేర్చుకొనే ధైర్యము లేక, రాని పనిని వచ్చినట్లుగా నటించినవారి సంగతి తలచుకొంటే మాకు భయము కలుగుతుంది. కొలతలో తప్పు పోతే పోయేది మార్కులు కాదు. ఆ ఇంటిలో ఉండేవారున్నారు.

తల్లిదండ్రులకు, యౌవనస్థులకు

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించింది. మేస్టారు చేసిన చిన్న వీడియో ముక్కలు మాత్రము ఈనాటికీ ఆ కాలేజీ పిల్లలకు పనికివస్తున్నాయని వింటున్నాము. క్లాసులో అర్థముకానిది రాత్రి మళ్లీ వినవచ్చును. ల్యాబుకు పోకముందు తెరమీద ఒకసారి చేసి చూచుకొంటే, ల్యాబులో ఉన్న కొద్ది సమయము చేతిపనికి మిగులుతుంది. ఆ రోజుల మేలును పోగొట్టుకొనవద్దు.

మీ పిల్లలను ఇంజనీరింగుకు పంపేటప్పుడు ఫీజు, ఉద్యోగాలు మాత్రమే అడగక, ల్యాబులో ఒక్కొక్క యంత్రమునకు ఎంతమంది విద్యార్థులో అడగండి. ఇరవైమంది చుట్టూ నిలబడి ఒకడు చేయుచుండగా చూస్తే, అది కూడా దూరవిద్యే. కూర్చున్నచోటనే ఇంజనీరింగు పట్టా ఇస్తామని ఎవరైనా ప్రకటన ఇస్తే, అనుమతి పత్రము చూడకుండా రూపాయి కూడా కట్టవద్దు.

యౌవనులారా, 2020, 2021లలో చదివి, ల్యాబు సరిగా దొరకలేదని లోలోపల కుమిలేవారు మీలో ఎవరైనా ఉంటే, అది మీ తప్పు కాదు. అయితే దానిని నింపుకొనే బాధ్యత మీదే. ప్రక్కన పనిచేసే మేస్త్రిని, ఎలక్ట్రీషియనును, ఫిట్టరును అడగండి. పట్టా లేదని వారిని చులకన చేయవద్దు.

మేము మాత్రము పిల్లలను అడిగే ప్రశ్నను మార్చుకొన్నాము. బడి మళ్లీ తెరిచిన తరువాత, "జవాబు ఎంత వచ్చింది?" అని కాక, "ఎట్లు కొలిచావు, చూపించు" అని అడుగుచున్నాము. పిల్లలు మొదట బెదిరారు, ఇప్పుడు స్కేలు పట్టుకొని వస్తున్నారు.

మా అమ్మాయి పాత నోటుపుస్తకము మా ఇంటి అలమరలో ఉన్నది. అందులో 1.88 కొట్టివేసి, ప్రక్కన 2 అని వ్రాసి ఉన్నది. ఏ ఇంటికైనా కాంక్రీటు పోసే ముందురోజు తమ్ముడు ఇప్పటికీ ఆమెకు ఫోను చేస్తాడు. "పొద్దున్నే పోస్తున్నామమ్మా. చువ్వలు పైనే ఉన్నవి, పలకలు వేయించాను. ఫోటో పంపమంటావా?" అంటాడు. "పంపు బాబాయ్, ప్రక్కన టేపు పెట్టి తియ్యి" అంటుంది.